మళ్లీ ఎప్పుడేస్తావు నా?

మా వైపు రొయ్యల గుంట, అంటే చెరువు, రోగం తగిలి పోయిందంటే రెండు రోజులు తిరక్కముందే జనం అడిగే మాట ఒకటే. "మళ్లీ ఎప్పుడేస్తావు నా?" (మా యాసలో "నా" అంటే అన్నా.) పరామర్శ కింద అడిగేవాళ్లు కొందరు, మేత బాకీ సంగతి తేల్చుకోవడానికి అడిగేవాళ్లు కొందరు. ఎవరడిగినా ఆ ప్రశ్నలో తీర్పు ఒకటి దాగి ఉంటుంది. వెంటనే సీడు (రొయ్య పిల్లలు) దించినవాడు గుండెగల మనిషి. ఆగినవాడు బెదిరిపోయాడు, వాడి పని ఇక అయిపోయినట్టే.

ఈ తీర్పుతోనే నాకు పేచీ. నెల్లూరు జిల్లా తీరంలో చిన్న ఆక్వా ల్యాబ్ నడుపుకుంటున్నాను. నీళ్లు, మట్టి, సీడు, రొయ్య, ఏది తెచ్చినా పరీక్ష చేసి కాగితం రాసిస్తాను. దెబ్బ తగిలిందన్న వార్త చాలామందికి మొదట నా నోటి నుంచే వెళ్తుంది. దెబ్బ తిన్న మనిషి ఎంత త్వరగా పనిలో పడాలన్నది నా కౌంటర్ ముందు రోజూ నిలబడే ప్రశ్న. అందుకే పొద్దున్నే ఫోన్లో కెరటం బొమ్మ వేసి, పడి లేవడం గురించి స్టేటస్ పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కెరటానికి లీజు కట్టే పని లేదు.

నేననేది ఏమిటంటే, నష్టం వచ్చాక మన ముందు రెండు రకాల పనులుంటాయి. ఒక రకానికి గంటలే లెక్క, ఆలస్యం చేస్తే నష్టం పెరుగుతుంది. రెండోది మళ్లీ పందెం కాయడం. డబ్బో, పరువో, ఏడాది కాలమో తీసి మళ్లీ బల్ల మీద పెట్టడం. దాని ముహూర్తం మన ఉత్సాహాన్ని బట్టి రాదు, బయట పరిస్థితి తేల్చాలి. మనమేమో రెండింటినీ ఒకే మూటలో కట్టి "త్వరగా తేరుకో" అనేస్తున్నాం.

తెల్లమచ్చ అనే వైరస్ రోగం గుంటకు వచ్చిన రోజు ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. ముందు చెక్ ట్రేలో మేత మిగులుతుంది. నిన్నటిదాకా ఊడ్చినట్టు ఖాళీ అయిన ట్రేలో ఇవాళ మేత అలాగే ఉంటుంది. మబ్బు పట్టింది కదా, అందుకేమో అనుకుంటారు. తర్వాత ఒకటీ అరా రొయ్యలు గట్టు వారకు వచ్చి, మనిషి నీడ పడినా కదలకుండా ఉండిపోతాయి. ఒళ్లు ఎర్రబారుతుంది. తల మీది పెంకు ఒలిచి వెలుతురుకు పట్టి చూస్తే తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. అప్పుడు కవర్లో వేసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. పెంకు మీద మచ్చలు బ్యాక్టీరియా వల్ల కూడా రావచ్చు కాబట్టి కంటితో చూసి తేల్చం. మొప్పలో, ఈతకాళ్లో కొంచెం కత్తిరించి పీసీఆర్, అంటే వైరస్ జన్యువును పట్టే పరీక్ష, పెడతాం. రిజల్టు వచ్చేదాకా బయట బెంచీ ఖాళీగానే ఉంటుంది, ఎవరూ కూర్చోరు. పాజిటివ్ అని చెప్పగానే అందరూ మందుందా అని అడుగుతారు. వైరస్‌కు మందు లేదు. మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం తుడిచిపెట్టుకు పోవచ్చు.

ఇక అక్కడి నుంచి పరుగే. రొయ్య అమ్ముడుపోయే సైజుకు వచ్చి ఉంటే ఆ రాత్రికే పట్టుబడి పెట్టాలి. వలవాళ్లు, ఐసు, బండి, కొనేవాడితో బేరం. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు. నలభై కౌంటు రొయ్యకూ నూరు కౌంటు రొయ్యకూ ధర ఎంత తేడానో మా ఊళ్లో బడిపిల్లలు కూడా చెబుతారు. మరీ చిన్న రొయ్య అయితే అమ్మకం మాట మరిచిపోయి, నీళ్లలోనే బ్లీచింగ్ కొట్టి చంపేయాలి. ఏది చేసినా ఆ నీళ్లు శుద్ధి చేయకుండా కాలవలోకి వదలకూడదు. పక్కవాడు మోటారు పెట్టి తోడుకునేది ఆ కాలవ నుంచే. చచ్చిన రొయ్యను కాకి ఎత్తుకెళ్లి పక్క గుంటలో పడేయకుండా మనిషిని కాపలా పెట్టాలి. మన వల, మన బకెట్లు పక్క గట్టు దాటకూడదు.

ఈ పనులన్నీ ఏడుస్తూ కూడా చేయొచ్చు. వీటికి గుండె ధైర్యం అక్కర్లేదు, లిస్టు ఉంటే చాలు. ఒకాయన రిజల్టు విని నా కౌంటర్ దగ్గరే నిలబడి మొదటి ఫోను పక్క గుంట అతనికి చేశాడు. "అబ్బయా, కాలవ మోటారు ఆపించు. నాకు మచ్చ వచ్చింది." తర్వాత ఐసు వాళ్లకు, ఆ తర్వాత వలవాళ్లకు. ఇంటికి చివర్లో చేశాడు. అప్పటిదాకా బాగానే ఉన్న గొంతు, అవతల భార్య "చెప్పండి" అనగానే పోయింది. త్వరగా తేరుకోవడం అంటూ ఒకటి ఉంటే ఆ పావుగంటలో చూశాను. కానీ ఆయన్నే తర్వాత ఊరు పిరికివాడంది, ఎందుకంటే వెంటనే మళ్లీ వేయలేదు. ఎడగారు వరి కోతలయ్యేదాకా బావమరిది కోత మిషన్ లెక్కలు చూసుకుంటూ ఉండిపోయాడు. గుంట ఎండుతోంది. ఆయన ఆగింది అందుకు.

గుంట ఎండడం అంటే నీళ్లు తీసేయడం ఒక్కటే అనుకునేరు. అడుగు మట్టి నెర్రెలు విచ్చాలి. పైన పేరుకున్న నల్ల బురద తీసేయాలి, దున్నాలి, సున్నం వేయాలి. చుట్టూ పీతల కంచె సరిచేసుకోవాలి, ఎందుకంటే పీత కూడా ఈ వైరస్‌ను మోస్తుంది. ఈహెచ్‌పీ అని ఇంకో రోగం ఉంది. అది రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. నెలలు గడిచినా కౌంటు కదలదు, మేత బిల్లు మాత్రం పెరుగుతూ పోతుంది. దాని స్పోర్లు, అంటే గట్టి బీజాలు, మామూలు ఎండకు చావవు. ఎండిన మట్టిలో హెక్టారుకు ఆరేడు టన్నుల దాకా కాల్చిన సున్నం దున్ని కలిపి, తడిపి, మట్టి పీహెచ్‌ను 12 దాకా ఎక్కించమని నిపుణులు చెబుతారు. అలా చేసినా మట్టికి కావలసిన టైము మట్టికి కావాలి. మోటివేషన్ వీడియోలు చూసి పీహెచ్ పెరగదు.

అసలు నష్టం తగిలిన మర్నాడు మనిషి తీసుకునే నిర్ణయాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఇది నా ఒక్కడి అనుమానం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమాన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లో అచ్చువేసిన పేపర్లో ఒక ప్రశ్న ఉంది. ఖాయంగా 3,000 పోగొట్టుకుంటారా, లేక నూటికి 80 వంతులు 4,000 పోయే, 20 వంతులు ఏమీ పోని పందెం కాస్తారా? లెక్క కడితే పందెంలో సగటున పోయేది 3,200, అంటే ఖాయంగా పోయేదానికన్నా ఎక్కువే. అయినా నూటికి 92 మంది పందెమే కోరుకున్నారు. అదే మనుషులను లాభాల గురించి అడిగితే ఎక్కువమంది చేతికి ఖాయంగా వచ్చేదానికే మొగ్గారు. లాభంలో జాగ్రత్తగా ఉండే మనిషే నష్టంలో పడ్డాక రిస్కుకు ఎగబడతాడన్నమాట. నేను గట్టు మీద చూసేది అచ్చం ఇదే. మామూలు రోజుల్లో ఎకరాకు లెక్క చూసుకుని సీడు వేసే మనిషి, పంట పోయిన కసిలో ఈసారి అంతకంతా వేసి పోయిందంతా ఒక్క దెబ్బకు లాగేస్తానంటాడు. ఊరు దాన్ని పట్టుదల అంటుంది. పేకాట బల్ల దగ్గర ఇదే పని చేస్తే వేరే పేరు పెడతారు.

కొంచెం పాత సంగతికి వెళ్దాం. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్య ఊపులో ఉండేది. వరి మళ్లు గుంటలయ్యాయి, మేడలు లేచాయి. 1994–95లో తెల్లమచ్చ వచ్చి ఆ ఊపును ఒక్కసారిగా పడగొట్టింది. అది చాలదన్నట్టు 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీర నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి మినహా, తీసేయమంది. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు కథలు కథలుగా చెబుతారు. అదే గుంటలో, అదే సముద్రం నుంచి పట్టిన తల్లి రొయ్యల సీడు తెచ్చి, మళ్లీ మళ్లీ వేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ధైర్యం తక్కువై పోలేదు. తల్లి రొయ్యలోనే వైరస్ ఉంటే ధైర్యం ఏం చేస్తుంది? 2009లో వనామీ అనే ఇంకో జాతి రొయ్యకు అనుమతి వచ్చి, రోగాలు లేవని పరీక్షించిన తల్లి రొయ్యలను బయటి దేశాల నుంచి తెప్పించి, చెన్నైలో క్వారంటైన్ చేసి, సీడు పుట్టించే హేచరీలకు ఇవ్వడం మొదలయ్యాకే సాగు మళ్లీ పుంజుకుంది. మధ్యలో పదిహేనేళ్లు గడిచాయి. ఆ మధ్యకాలంలో గుంటలను ఉప్పు మళ్లుగానో, ఖాళీగానో వదిలేసి, వేరే పని చూసుకుని బతికినవాళ్లను ఓడిపోయినవాళ్ల లెక్కలో రాయడం నాకు నచ్చదు. వనామీ వచ్చేనాటికి భూమి చేతిలో ఉన్నది వాళ్లలో చాలామందికే.

ఇంతవరకు చదివి, వీడు ఆగమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాడు అనుకోకండి. నా భార్య తరఫువాళ్లది ప్రకాశం జిల్లా, కొండపి వైపు. పొగాకు రైతులు. మా బావ ముందు నేను ఈ ఎండబెట్టే సిద్ధాంతం చెప్పబోతే నవ్వేశాడు. "మీ గుంటలకు సరిపోద్ది బావా. నేను ఆగితే నా పంట సంక్రాంతికి వేసుకోవాలి, ఉగాదికి దణ్ణం పెట్టుకోవాలి" అన్నాడు.

ఆయన మాటలో నిజముంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు మూడు రోజుల వానకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చేలు చెరువులయ్యాయి. పొగాకుకు వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే గిట్టదు. వాన వెలిసి ఎండ కాసేసరికి మొక్క వాలిపోతుంది, ఇక లేవదు. అక్టోబరు, నవంబరుల్లో నాటాల్సిన పంట. డిసెంబరులో మళ్లీ నాటితే ఆకు కొంత తగ్గినా పంటంటూ చేతికొస్తుంది. ఇంకా జరిగితే పదును పోతుంది, ఎండలు ముదురుతాయి, ఆకు నాణ్యత పడిపోతుంది, ఆకు ఆరబెట్టే కొట్టమైన బ్యారన్‌కు ఎక్కించడం నుంచి వేలం కేంద్రానికి బేళ్లు తోలడం దాకా అన్నీ వెనక్కు జరుగుతాయి. అక్కడ బెంగ పెట్టుకుని కూర్చునే వీలు లేదు. ఆరుదల కాగానే మళ్లీ నాటిన వాడే బతికాడు.

మరి అందరూ ఎందుకు నాటలేదు? ఈ ప్రశ్న దగ్గరే మన స్టేటస్‌ల వేదాంతం కూలిపోతుంది. పొగాకు నారు ఎదగడానికి రెండు నెలలు పడుతుంది. తుపాను వెళ్లిపోయాక విత్తనం చల్లుకుంటే నారు చేతికొచ్చేది ఫిబ్రవరిలో. కాబట్టి డిసెంబరులో మళ్లీ నాటగలిగినవాడు ఎవడంటే, ముందే అవసరానికి మించి నారు పోసుకుని, నాటాక మిగిలింది పీకి పారేయకుండా ఉంచుకున్నవాడు. లేదా ఆ రోజు అడిగిన ధర పెట్టి నారు కొనుక్కోగలిగినవాడు. మా బావకు రెండు నారుమళ్లు మిగిలి ఉన్నాయి. ఆయన పక్క చేను కౌలుకు చేసే అతను ఒంటి నిండా సత్తువ ఉన్నవాడు, మా బావకన్నా పదేళ్లు చిన్న, పొద్దు పొడవకముందే చేలో ఉంటాడు. ఆయన దగ్గర నారు లేదు. పొలం కౌలు కట్టాడు, బ్యారన్ అద్దెకు అడ్వాన్సు ఇచ్చాడు, చేతిలో డబ్బు లేదు. అప్పుకు తిరిగి తిరిగి, కుదరక, చివరికి సగం చేలో అలసంద చల్లి మిగతాది వదిలేశాడు. ఆ ఏడాది ఊళ్లో మా బావకు పట్టుదలగల మనిషి అని పేరొచ్చింది. మా బావంటే నాకు గౌరవమే. కానీ ఆ పేరు రావాల్సింది నారుమళ్లకు.

తేరుకునే వేగం గుండెలో ఉందనుకుని జనం గుండెను తట్టిలేపుతుంటారు. నేను చూసినంతలో ఆ వేగం దెబ్బ తగలకముందు ఏం దాచుకున్నావన్న దాంట్లో ఉంటుంది. మిగులు నారు, బాకీ లేని ఒక సీజన్, అవసరానికి పిలిస్తే వచ్చే ఇంకో పని. ఇవి ఉన్నవాడు మర్నాడే లేచి నిలబడతాడు, చూసేవాళ్లకు వాడి స్వభావమే అంత అనిపిస్తుంది.

ఆఫీసు పనులు, చదువులు చేసుకునేవాళ్లు ఇదంతా రైతుల గోల, మాకెందుకు అనుకోవచ్చు. మా పిన్ని కొడుకు నెల్లూరులో రూము తీసుకుని గ్రూప్-2 చదువుతున్నాడు. ఫలితాల్లో పేరు రాని రాత్రే ఇంట్లోవాళ్లు ఇంకో నోటిఫికేషన్ పేరు చెప్పి, రేపటి నుంచే మొదలుపెట్టరా అన్నారు. వాడు మొదలుపెట్టాడు కూడా, అవే నోట్సు, అదే వరస. నేను అడిగింది ఒక్కటే. "ఏ పేపర్లో పోయింది రా?" వాడికి తెలియదు. చూసుకోవడానికి భయపడ్డాడు. జవాబుల కీ దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఒక పూట పని. ఆ పూట పెట్టకుండా ఏడాది పెట్టడానికి సిద్ధమయ్యాడు. రోగం ఏదో తెలియకుండా సీడు దించడం ఇదే.

ఒకసారి కరెంటు హెచ్చుతగ్గులకు నా పీసీఆర్ మిషన్ బోర్డు కాలిపోయింది, సీజను మధ్యలో. టెన్షన్ పడలేదని చెప్పను, రాత్రిళ్లు నిద్ర లేదు. కానీ ల్యాబ్ మూయలేదు. ఉప్పదనం, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, ఇవేవీ ఆ మిషన్ మీద ఆధారపడవు. విబ్రియో అనే బ్యాక్టీరియా కోసం పోసే ప్లేట్ల మీద పచ్చ కాలనీలు ఎన్ని, పసుపు కాలనీలు ఎన్ని అని లెక్కపెట్టడానికి కన్ను, పెన్ను ఉంటే చాలు. బుర్ర పనిచేయని రోజు చేతులకు చెప్పగలిగిన పనులు ఇవి. సీసాలు కడగడం, లేబుళ్లు రాయడం, పాత రిజిస్టర్లు సర్దడం కూడా అంతే. వైరస్ శాంపిళ్లను ఇంకో ల్యాబ్‌కు పంపించాను. వాళ్ల మిషన్ ఆగినప్పుడు వాళ్లు నాకు పంపేవాళ్లు, ఆ పొత్తు ముందు నుంచే ఉంది. కొత్త మిషన్‌కు లోన్ ఇస్తామని ఏజెంటు మర్నాడే దిగాడు. సీజను అయ్యేదాకా ఆ కాగితాల మీద సంతకం పెట్టలేదు, బోర్డు రిపేరుతోనే నెట్టుకొచ్చాను.

ఆ రోజుల్లో ప్రతి సాయంత్రం రిజిస్టర్ వెనక పేజీలో, జరిగింది జరిగినట్టు, నా తిట్లతో సహా రాసుకునేవాణ్ని. దీనికీ ఒక పరిశోధన ఉందని తర్వాత తెలిసింది. అమెరికాలో ఉద్యోగాలు పోయిన ఇంజనీర్ల మీద మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నబేకర్ బృందం చేసింది, 1994లో అచ్చయింది. ఉద్యోగం పోవడం గురించి, దాని కడుపుమంట గురించి కొన్ని రోజుల పాటు కూర్చుని రాసినవాళ్లకు, రాయనివాళ్లకన్నా ముందుగా మళ్లీ ఉద్యోగాలు దొరికాయి. వాళ్లు ఎక్కువ చోట్ల అప్లై చేశారా అంటే, అదేం లేదు. కోపం కాగితం మీద పెట్టేసినందువల్ల ఇంటర్వ్యూలో కక్కలేదేమో అన్నది ఒక ఊహ. నాకు ఆ ఊహ సబబుగానే తోస్తుంది. మా దగ్గర గుంట పోయినవాడు ఆ కోపాన్ని సీడు కొనడంలో చూపిస్తాడు.

ఇక ఒక ఇబ్బందికరమైన సంగతి. త్వరగా లేవమని చెప్పేవాడికి, మనం లేస్తే ఏం వస్తుందో కూడా చూడాలి. మేత డీలరు అరువు మీద మేత ఇస్తాడు, పాత బాకీ వసూలు కావాలంటే కొత్త పంట పడాలి. హేచరీ ఏజెంటుకు సీడు అమ్ముడుపోవాలి. నాకూ అంతే, సీడు పరీక్ష డబ్బులు నాకే వస్తాయి. గుంటలన్నీ ఎండుతుంటే నా గల్లాపెట్టె కూడా ఎండుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచి ధరలు పడిపోయినప్పుడు, ఒక పంట ఆపేద్దామా అన్న మాట గట్ల మీద వినిపించింది. అప్పుడు ఆగవద్దని అందరికన్నా గట్టిగా చెప్పింది, ఆగితే తమ సరుకు ఆగిపోయేవాళ్లు. పొగాకులో 2000–01లో ఆంధ్రలో క్రాప్ హాలిడే పెట్టారు, అంటే ఆ ఏడాది పంట వేయకుండా ఆపారు. గోదాముల్లో నిల్వలు పేరుకుపోయినప్పుడు ఇంకో పంట పండించడం కష్టపడటం అనిపించుకోదు.

అన్నిటికన్నా గట్టిగా తొందరపెట్టేది మాత్రం లీజు కాగితం. మా వైపు గుంటలు చేసేవాళ్లలో చాలామందివి సొంతం కావు. లీజు ఏడాదికి ఇంత అని ఉంటుంది. గుంటలో రొయ్య ఉన్న నెలకూ, మట్టి ఎండుతున్న నెలకూ ఒకటే రేటు. అందుకని ఎండబెట్టే ప్రతి రోజూ కౌలు రైతు జేబులోంచే పోతుంది. వాడికి నేను ఓపిక గురించి చెప్తే వాడు నన్ను చూసే చూపు నాకు తెలుసు. "నువ్వు కడతావా నా ఆ నెల లీజు?" అని ఒకాయన అడిగేశాడు కూడా. జవాబు చెప్పలేకపోయాను. తడి మట్టిలోనే సీడు దించేవాడి తొందర అంతా వాడిది కాదు, సగం ఆ కాగితం రాయించిన వాడిది.

రోగం వచ్చి గుంట ఖాళీ అయితే ఎండబెట్టే కాలానికి లీజు సగమే అని అందులో ఒక్క లైను ఉంటే చాలు. యజమానికీ నష్టం లేదు, రోగం పట్టిన గుంటను తర్వాత ఎవరు తీసుకుంటారు? మా ఊళ్లో ఒకరిద్దరు యజమానులు నోటిమాటగా దీనికి ఒప్పుకుంటున్నారు. కాగితం మీద పెట్టమంటే మాత్రం వెనకాడుతున్నారు. లీజులు తిరగరాసుకునే రోజులు వస్తున్నాయి. ఆ లైను పెట్టించుకోవాలనుకునేవాళ్లు పాత కాగితం తీసుకుని ల్యాబ్‌కు రండి. నేనే టైపు చేసిస్తాను, ప్రింటుకు డబ్బులు వద్దు.